ఎవరు పగలగొట్టారు? కాకినాడ ఇంటి సామాను వేలానికి వెళ్లిన కేసు

ఈ కేసులో తప్పు నాదే, కాబట్టి ముందు దాని సంగతి చెప్పేస్తాను. 36 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక చైనా పింగాణీ పళ్లెం గురించి కండిషన్ రిపోర్టులో, అంటే వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే పత్రంలో, "మరమ్మతులు లేవు" అని రాశాను. ఉంది. అంచున రెండు వేళ్ల మేర ముక్క ఎప్పుడో ఊడిపోతే, ఎవరో మంచి పనివాడు దాన్ని పూడ్చి, పైన నీలిరంగు గీతలు కలిపి, మెరుగు పూశాడు. నాకు కనబడలేదు. కొన్నవాళ్లకు కనబడింది.

నేను హైదరాబాదులో ఉంటాను. పాత పింగాణీ, గాజు, వెండి, పటాలు చూసి అవేమిటో, ఎప్పటివో, ఎంత బాగున్నాయో రాసిపెట్టడం నా పని. వేలం నేను వెయ్యను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి. అది ఉన్న వేలం సంస్థకు నేను కేటలాగు రాసిస్తాను. అందులో ఒక్కో వస్తువుకు దక్కేది నాలుగైదు వాక్యాలే. కానీ కొనేవాడు బెంగళూరులోనో కోల్‌కతాలోనో కూర్చుని, వస్తువును చేత్తో ముట్టుకోకుండా, ఆ వాక్యాలను నమ్మి పాట పాడతాడు.

ఇల్లు కాకినాడలో, జగన్నాథపురం వైపు. ఒకప్పుడు డచ్చివాళ్లు వర్తకం చేసిన చోటు. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఈ రేవు నుంచి పత్తి ఓడలకెక్కి వెళ్లింది. ఆ రోజుల నుంచీ ఇంగ్లీషు కంపెనీలతో లావాదేవీలున్న కుటుంబాలు ఇక్కడ చాలానే ఉండేవి, వాటిలో ఇదొకటి. పెద్దావిడ పోయి ఏడాదయింది. ముగ్గురు పిల్లలు. అన్నగారు బ్యాంకులో రిటైరై ఆ ఊళ్లోనే ఉన్నారు, అక్కగారు హైదరాబాదులో, తమ్ముడు న్యూజెర్సీలో. ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యాలి. సామాను అమ్మడం ఇష్టమై కాదు, పెట్టుకోవడానికి చోటు లేక. ఇలాంటి ఫోన్లు నాకు ఈమధ్య ఎక్కువయ్యాయి, కారణం దాదాపు ప్రతిసారీ అపార్ట్‌మెంటే.

మొదటిసారి జనవరిలో వెళ్లాను. సెట్టుకు సెట్టు ఒకటిగా లెక్కేస్తే 61 వస్తువులు. అందులో వేలం దాకా వెళ్లినవి 11 లాట్లు (ఒకే పాటకు పెట్టే వస్తువును లేదా సెట్టును లాట్ అంటారు). మిగతా 50 వద్దని చెప్పడానికే సగం రోజు పట్టింది.

ఆవకాయ జాడీలు వద్దన్నాను. గోధుమ, తెలుపు రంగుల జాడీలు ఇంటింటా ఉన్నవే, వేలంలో వాటికి పాట రాదు. అక్కగారికి కోపం వచ్చింది. "మా నాయనమ్మ పెళ్లికి వచ్చినవండీ అవి" అన్నారు. నాయనమ్మ మార్కెట్లో లేరు కదా అని మనసులో అనుకున్నాను, బయటికి మాత్రం "అవి మీరే ఉంచుకోండమ్మా, వాడుకోవచ్చు కూడా" అన్నాను.

తర్వాత నీలం, తెలుపు డిన్నర్ సెట్టు: విల్లో చెట్టు, వంతెన, రెండు పిట్టలు. 70కి పైగా ముక్కలు. ముత్తాతగారు డచ్చివాళ్ల దగ్గర కొన్నారని ఇంట్లో కథ. ఒక ప్లేటు తిరగేసి అన్నగారికి చూపించాను. వెనక "మేడ్ ఇన్ ఇంగ్లాండ్" అని అచ్చు ఉంది. 1890లో అమెరికా ఒక సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం 1891 నుంచి దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలి. ఇంగ్లీషు కుమ్మరి కంపెనీలు ఆ పేరు వెయ్యడం అలా మామూలైంది. ఉత్త "ఇంగ్లాండ్" అనే మాట ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది. "మేడ్ ఇన్" కూడా ఉంటే చాలావరకు ఇరవయ్యో శతాబ్దమే. డచ్చివాళ్లు కాకినాడ వదిలి వెళ్లిపోయిన చాలా ఏళ్లకు పుట్టిన ప్లేట్లవి. అన్నగారు కాసేపు ప్లేటునే చూసి, "మా నాన్నగారికి ఈ సంగతి చెప్పలేదు కాబట్టి బతికిపోయారు మీరు" అన్నారు.

వెండి

వెండిబీరువా తీసేసరికి గుండె కలుక్కుమంది. లోపల వస్తువులు తళతళా మెరిసిపోతున్నాయి. నేను వస్తున్నానని ముందురోజే పనమ్మాయి చేత అన్నీ విబూదితో, చింతపండుతో తోమించారు. దయచేసి ఎవరూ ఈ పని చెయ్యకండి. పాత వెండిలో బొమ్మల చుట్టూ, గీతల లోతుల్లో పేరుకున్న నలుపు మురికి కాదు, బొమ్మను పైకి ఎత్తి చూపించేది అదే. యాభై ఏళ్లు తోమితే దేవుడి ముక్కు అరుగుతుంది. గట్టిగా ఒక్కరోజు తోమితే నలుపు పోతుంది. ఇక్కడ రెండూ జరిగాయి.

అయినా అందులో ఒక మంచి వస్తువుంది. మూడు పాత్రల టీ సెట్టు: టీ కుండ, పాల జగ్గు, పంచదార గిన్నె. చుట్టూ చిన్న చిన్న తోరణాల కింద దేవుళ్లు కొలువు తీరి ఉన్నారు. వెనకనుంచి కొట్టి ఉబ్బించిన పని. కృష్ణుడు, నంది మీద శివుడు, నెమలి మీద కుమారస్వామి. అడుగున మద్రాసు మౌంట్‌రోడ్డు పి. ఓర్ అండ్ సన్స్ ముద్ర. ఈ శైలిని "స్వామి వెండి" అంటారు. 1875-76లో ఇంగ్లాండు యువరాజు మన దేశం వచ్చినప్పుడు అందుకున్న కానుకల్లో ఈ కంపెనీ చేసిన స్వామి సెట్టు కూడా ఉంది. దాంతో ఈ పనికి విలాయత్‌లో గిరాకీ పెరిగింది.

ఇంగ్లండులో తయారైన వెండైతే చదవడం తేలిక. నడిచే సింహం ఉంటే 92.5 శాతం, పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్, ఏ ఏడాదో చెప్పే అక్షరం ఒకటి. మద్రాసు వెండికి అలాంటి ప్రభుత్వ ముద్రలు లేవు, కంపెనీ పేరే ఆధారం. అందుకని కాకినాడ బంగారు కొట్లో మెషిన్ మీద పెట్టి స్వచ్ఛత చూపించాను. ఆ కొట్టాయన అదే చేత్తో తూకం వేసి, తరుగు తీసి, కరిగించే ధర చెప్పాడు. తప్పు ఆయనది కాదు, ఆయన వ్యాపారం అది. కానీ ఆ ధరకు ఎన్ని స్వామి సెట్లు మూసలోకి వెళ్లిపోయి ఉంటాయో తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

అదే బీరువాలో "ఇంగ్లీషు వెండి" అని దాచుకున్న పెద్ద ట్రే ఉంది. అడుగున ఇ, పి, ఎన్, ఎస్ అనే నాలుగు అక్షరాలు. అంటే జర్మన్ వెండి అనే లోహం మీద వెండి పూత. జర్మన్ వెండిలో రాగి, నికెల్, తుత్తునాగం ఉంటాయి గాని వెండి గుండుసూదంత కూడా ఉండదు. ట్రే అంచుల దగ్గర పూత పోయి లోపలి లోహం కనబడుతోంది. పక్కన పెట్టేశాం.

స్వామి సెట్టులో ఇంకో చిక్కు వచ్చింది. టీ కుండ పిడి వేడెక్కకుండా పిడికీ కుండకూ మధ్య రెండు తెల్లని వలయాలు ఉంటాయి. ఆ కాలంలో వాటిని చాలావరకు ఏనుగు దంతంతో చేసేవాళ్లు. దంతమైతే అడ్డంగా కోసిన చోట అల్లికలాగా గీతలు కనబడతాయి. ఎముకైతే సన్నని చుక్కలుంటాయి. ఈ వలయం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు. నా పదింతల భూతద్దంలో చుక్కలు కనబడలేదు, గీతలు ఉన్నట్టే అనిపించింది. మన దేశంలో ఏనుగు దంతం అమ్మకం వన్యప్రాణి చట్టం కింద నేరం. పాతదైనా, రెండు గ్రాములైనా అంతే. వలయాలు పీకేసి ప్లాస్టిక్‌వి పెట్టిద్దామని తమ్ముడు వీడియో కాల్‌లో అన్నాడు. వద్దన్నాను. టీ కుండ అక్కగారి దగ్గరే ఉండిపోయింది. జగ్గు, గిన్నె కలిపి ఒక లాట్. రిపోర్టులో "సెట్టులోని మూడో పాత్ర ఈ లాట్‌లో లేదు, ఎత్తయిన భాగాలు తోమడం వల్ల అరిగాయి" అని రాశాను. అంచనా లక్షా 20 వేల నుంచి లక్షా 80 వేలు. పాట 2 లక్షల 10 వేల దగ్గర ఆగింది. తోమకపోతే ఎంత వచ్చేదో ఊహించి చెప్పడం నాకిష్టం లేదు.

షాండ్లియరు

దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అమ్ముడుపోలేదు. మన ఇళ్లలో పాత అద్దం, పాత షాండ్లియరు అన్నీ బెల్జియంవే. ఎవరినడిగినా అదే మాట. నిజానికి ఓస్లర్ లాంటి బర్మింగ్‌హామ్ కంపెనీల సరుకు మన సంస్థానాలకు బోలెడు వచ్చింది. ఏదైనా పేరు దొరుకుతుందేమోనని లోహపు భాగాలన్నీ తుడిచి చూశాం. దొరకలేదు. రెండు గోనెసంచుల్లో విడదీసి కట్టిన గాజు బిళ్లల్లో మూడోవంతు కొత్తవి. చేత్తో కోసిన పాత బిళ్ల అంచు వేలికి పదునుగా తగులుతుంది, అచ్చులో పోసినది గుండ్రంగా జారిపోతుంది. పాతవాటికి ఇత్తడి పిన్నులు, కొత్తవాటికి ఇనప తీగ. "యూరప్, 19వ శతాబ్దం చివర, బిళ్లల్లో కొన్ని తర్వాత చేర్చినవి" అని రాశాను. అన్నగారు బెల్జియం అని రాయమన్నారు. రాసి ఉంటే అమ్ముడుపోయేదేమో కూడా. రాయలేదు.

పటాలు

హాల్లో గుమ్మానికి ఎదురుగా సరస్వతి పటం. "అసలు రవివర్మ" అని మూడు తరాల నుంచి చెప్పుకుంటున్నారు. అసలు రవివర్మ అయితే కథ వేరు. 1906లో పోయిన ఆయన చిత్రాలను ప్రభుత్వం జాతీయ కళానిధులుగా ప్రకటించింది. నూరేళ్లు నిండాయా లేదా అన్నదాంతో పని లేకుండా అవి దేశం దాటకూడదు. భూతద్దం పెట్టగానే బుగ్గ మీద చుక్కలు కనబడ్డాయి. రాతి అచ్చు. రంగుకో రాయి చొప్పున చాలా రాళ్లతో ఒకదాని మీద ఒకటి అద్ది, పైన నూనెరంగులాగా మెరవడానికి వార్నిష్ పూస్తారు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు తర్వాత లోనావ్లా దగ్గర మలవ్లీకి మారింది. చట్రం విప్పితే, లోపలికి మడిచిన అంచు కింద ఆ ప్రెస్సు పేరు ఉంది.

అక్కగారి ముఖం వాడిపోయింది. కానీ ఈ పటంలో నాకు నచ్చినది వేరే ఉంది. సరస్వతి తెల్లచీర మీద ఎవరో నిజమైన జరీ, చమ్కీలు కుట్టారు. వీణ తీగలకు కూడా సన్నని జరీపోగు లాగారు. అచ్చు పటాన్ని ఇంట్లో ఆడవాళ్లు ఇలా సింగారించడం దక్షిణాదిలో ఉన్నదే. సేకర్తలు ఇప్పుడు వీటి వెంట పడుతున్నారు. ఎవరు కుట్టారని అడిగితే, పోయిన పెద్దావిడ అత్తగారని తెలిసింది. "కుటుంబం చెప్పిన ప్రకారం, ఇంట్లోనే చేసిన జరీపని" అని రాశాను. "కుటుంబం చెప్పిన ప్రకారం" అన్న మాట లేకపోతే ఆ వాక్యానికి పూచీ నాదవుతుంది. అంచనా 25 నుంచి 40 వేలు, 52 వేలకు పోయింది. అసలు రవివర్మ అనుకున్నప్పటి ధరతో పోలిస్తే ఏమీ కాదు, నిజమే.

పూజగదిలో తంజావూరు కృష్ణుడు ఉన్నాడు. చెక్క మీద బట్ట, దాని మీద సున్నపు ముద్ద ఎత్తు, దాని మీద బంగారు రేకు, ఎర్ర గాజురాళ్లు. కింది మూల చెదపట్టి రెండు రాళ్లు ఊడాయి. ఇది తనకు కావాలని, న్యూజెర్సీ తీసుకెళ్తానని తమ్ముడు అడిగాడు. కుదరదు. నూరేళ్లు దాటిన పటం పురావస్తువు. ప్రైవేటు మనిషి దాన్ని దేశం బయటికి పంపకూడదు, సొంత ఇంట్లోదైనా సరే. నూరేళ్లు నిండని వస్తువైతే పురావస్తువు కాదని పురాతత్వ శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లవచ్చు. లేకపోతే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు ఆపితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఈ కృష్ణుడు ఏ లెక్కన చూసినా నూరేళ్లు దాటినవాడే. పైగా పటాలు రిజిస్టరు చేయించాల్సిన జాబితాలో ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఎవరూ చేయించలేదు. దరఖాస్తు, ఫొటోలు, తనిఖీ అయ్యేసరికి వేసవి గడిచిపోయింది. అమ్మిన తర్వాత యజమాని మారినట్టు మళ్లీ తెలియజేయాలి. మొత్తం వేలం సెప్టెంబరుకు జరగడానికి కారణం ఈ ఒక్క పటమే. 3 లక్షల 40 వేలకు అమ్ముడుపోయింది. తమ్ముడు దాని ఫొటో పెద్దది చేయించి తీసుకెళ్లాడు.

పళ్లెం

నీలం, తెలుపు. మధ్యలో కొండలు, నీళ్లు, ఒక పడవ. అంచు చుట్టూ పూలతీగ. వెనక రెండు వరసల్లో ఆరు అక్షరాల ముద్ర, కాంగ్‌షీ చక్రవర్తి పేరుతో. ఆయన పాలించింది 1662 నుంచి 1722 దాకా. కానీ పంతొమ్మిదో శతాబ్దపు చివర చైనా కుమ్మరులు పాతకాలం మీద గౌరవంతోనో గిరాకీ కోసమో ఆ ముద్రనే మళ్లీ వాడారు. నీలిరంగు తీరు, అడుగు వలయం కోసిన తీరు చూస్తే ఇది రెండో రకమే. "కాంగ్‌షీ ముద్ర ఉంది, తయారీ 19వ శతాబ్దం చివర" అని రాశాను. ఆ పని సరిగ్గానే చేశాను. అసలు గర్వంగా కూడా ఉండింది. ఏమరుపాటు వచ్చింది ఆ గర్వంతోనే అనుకుంటాను.

కష్టమైన ప్రశ్న తేలిపోయాక తేలికైనదాన్ని తొందరగా దాటేశాను. పళ్లేన్ని మూడు వేళ్ల మీద నిలబెట్టి గోటితో కొట్టాను. గుడి గంటలాగా మోగింది. బీట ఉంటే మొద్దుగా మోగుతుంది, కాబట్టి బీట లేదు. అక్కడిదాకా నిజం. కానీ అంచున ముక్క ఊడితే, బీట లోపలికి పాకకపోతే, మోత అలాగే ఉంటుంది. నేను విన్నది బీట లేదని చెప్పింది, నేను రాసింది మరమ్మతులు లేవని.

చూడాల్సిన పద్ధతి నాకు తెలియనిది కాదు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వెయ్యాలి. అసలు మెరుగు ఒక రంగులో, తర్వాత పూసిన రెజిన్ (మరమ్మతుకు వాడే ప్లాస్టిక్‌లాంటి జిగురు) వేరే రంగులో కనబడతాయి. టార్చి బ్యాగులోనే ఉంది, ఛార్జింగ్ లేదు. హాలుకు ఎనిమిది కిటికీలు, తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. హైదరాబాదుకు వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. పళ్లెం ప్యాకై నేరుగా వేలం సంస్థ గోడౌనుకు వెళ్లింది. నేను ఫొటోలు చూసి రిపోర్టు పూర్తి చేశాను.

అంచనా 60 నుంచి 80 వేలు, పాట 95 వేలు. పన్నెండో రోజున కొన్నవాళ్ల దగ్గర నుంచి ఫొటో వచ్చింది. చీకట్లో పళ్లెం మసక ఊదారంగులో ఉంది, అంచున ఒకచోట మీగడ రంగులో చంద్రవంక వెలుగుతోంది. వాళ్లు ఒక్క మాట కూడా పరుషంగా రాయలేదు. రిపోర్టులో నా వాక్యాన్ని మార్కు చేసి పంపారు, అంతే.

వాదించడానికేం లేదు. "కంటికి మరమ్మతులు కనబడలేదు" అని రాసి ఉంటే బహుశా వాదించవచ్చు, అలా తప్పించుకునేవాళ్లున్నారు కూడా. నేను "లేవు" అన్నాను. అమ్మకం రద్దయింది, డబ్బు వాపసు. రానుపోను రవాణా, ఇన్సూరెన్సు నేను పెట్టుకున్నాను. ఆ లాట్ మీద నా ఫీజు వదులుకున్నాను. కష్టమైనది అన్నగారికి ఫోను చెయ్యడం. డబ్బు వచ్చేసిందని లెక్కలు రాసుకున్న ఇల్లు అది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది తమ్ముడండీ" అన్నారు.

1980లలో, తమ్ముడికి పదేళ్లప్పుడు, హాల్లో క్రికెట్ ఆడుతూ బంతితో పళ్లేన్ని కొట్టాడు. అమ్మకు తెలిస్తే వీపు విమానం మోతే. నాన్నగారు కోర్టు పని మీద మద్రాసు వెళ్తూ ముక్కతో సహా పళ్లేన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. నెల తర్వాత తెచ్చి గోడకు తగిలించారు. అమ్మకు రిపేరని చెప్పలేదు, మెరుగు పెట్టించానన్నారు. ఆవిడ పోయేదాకా తెలియదు. అన్నకు, అక్కకు, తమ్ముడికి, ముగ్గురికీ తెలుసు. నేను ఆ హాల్లో ముగ్గురితోనూ మాట్లాడాను, ఒకరితో వీడియోలో. "ఇది ఎప్పుడైనా పగిలిందా?" అని అడిగాను కూడా. "లేదండీ" అన్నారు. అబద్ధమాడుదామని కాదు. నలభై ఏళ్లు అమ్మ ముందు చెప్పిన జవాబు అది, నోట్లోంచి అలా వచ్చేసింది.

అప్పటినుంచి నేను ప్రశ్న మార్చాను. "పగిలిందా?" అని అడగను. వస్తువును చేతిలోకి తీసుకుని, నింపాదిగా, "దీన్ని ఎవరు పగలగొట్టారండీ?" అంటాను. సగం ఇళ్లలో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుతారు. ఆ తర్వాత అరగంట నేను రాసుకోవడమే. టార్చిలు ఇప్పుడు రెండు, తాటాకు చాప ఒకటి కూడా పట్టుకెళ్తున్నాను, కిటికీకి అడ్డం పెట్టడానికి. పింగాణీ అంచునైతే చుట్టూ పంటికి మెల్లగా తాకించి చూస్తాను. మెరుగు గాజులాగా టక్కుమంటుంది, రెజిన్ మెత్తగా తగులుతుంది. చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది, ఏం చేస్తాం.

అన్నగారి అనుమతితో పళ్లేన్ని ఫిబ్రవరి వేలంలో మళ్లీ పెట్టాం. వెనకది, ముందుది, చీకట్లో తీసినది, మూడు ఫొటోలూ వేశాం. తమ్ముడు తన పేరు రాయవద్దని మాత్రం కోరాడు. రిపోర్టు ఇలా రాశాను: "అంచున, గడియారంలో పది గంటల చోట, సుమారు 3 సెంటీమీటర్ల ముక్క ఊడి, అతికించి, రంగుతో పూడ్చారు. కుటుంబం చెప్పిన ప్రకారం 1980లలో మద్రాసులో చేయించిన మరమ్మతు. అతినీలలోహిత కాంతిలో స్పష్టంగా కనబడుతుంది. అంచు మొత్తం తడిమి చూశాం, వేరే మరమ్మతులు కనబడలేదు." అంచనా 30 నుంచి 40 వేలు. 41 వేలకు పోయింది.